మీ ఓడ విక్రాంత్ అంత ఉంటుందా మామయ్యా?

మొన్న ఫ్యామిలీ గ్రూపులో మా బావ ఒక వీడియో పెట్టాడు. అమెరికా విమాన వాహక నౌక జెరాల్డ్ ఫోర్డ్ సముద్రం మీద వెళ్తోంది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'ప్రపంచంలోనే అతి పెద్ద ఓడ' అని రాసి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. "మామయ్యా, మీ ఓడ కనీసం మన విక్రాంత్ అంతైనా ఉంటుందా?" అని అడిగాడు. విక్రాంత్ అంటే మన నేవీ విమాన వాహక నౌక.

వాడి తప్పేమీ లేదు. వైజాగ్‌లో పుట్టి పెరిగిన పిల్లాడు. ఏటా నేవీ డే విన్యాసాలు బీచ్‌లో నిలబడి చూస్తాడు. ఫ్రిగేట్ ఏదో, డిస్ట్రాయర్ ఏదో దూరం నుంచే చెప్పేస్తాడు. కానీ వాళ్ల మామయ్య పదమూడేళ్లుగా పనిచేస్తున్న సరుకు ఓడలు ఎంతుంటాయో వాడికి తెలియదు. వాడికే కాదు, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. టీవీ పెడితే 'తేలియాడే నగరం', 'సముద్రం మీద మహా దుర్గం' అంటూ యుద్ధనౌకల గురించే చెబుతారు. అవి గొప్పవి కావని నేను అనను. కానీ 'అతి పెద్ద ఓడ' అని పిల్లలకు తప్పు చెబుతుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు వాడి ప్రశ్నకు జవాబు. విక్రాంత్ పొడవు 262 మీటర్లు. నేను పోయిన కాంట్రాక్టులో పనిచేసిన క్రూడాయిల్ ట్యాంకర్ పొడవు 333 మీటర్లు. విక్రాంత్‌ను దాని పక్కన నిలబెడితే మా ఓడ ఇంకా 70 మీటర్లు ముందుకు ఉంటుంది. విక్రాంత్ మొత్తం బరువు సుమారు 45 వేల టన్నులు. మా ఓడ ఒక్క ట్రిప్పులో మోసే నూనె దాదాపు 3 లక్షల టన్నులు. మాది రికార్డులు కొట్టిన ఓడేమీ కాదు. మా భాషలో వీఎల్‌సీసీ అంటాం, అంటే చాలా పెద్ద క్రూడాయిల్ ఓడ అని. అలాంటివి ప్రపంచంలో కొన్ని వందలు తిరుగుతున్నాయి. మన వైజాగ్ రిఫైనరీకి కూడా క్రూడ్ వాటిలోనే వస్తుంది. రేవు లోపలికి రాలేవు కాబట్టి ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే నీటి మీద తేలే బోయాకు కట్టేసి, పైపులతో నూనె దించుతారు.

ఇక ఆ వీడియోలోని ఫోర్డ్. పొడవు 337 మీటర్లు, బరువు సుమారు లక్ష టన్నులు. ఇప్పుడున్న యుద్ధనౌకల్లో అదే పెద్దది, ఆ మాట నిజం. కానీ 2021 మార్చిలో సూయజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుపోయిందే, ఎవర్ గివెన్, దాని పొడవు 400 మీటర్లు. 2025 జూన్‌లో కేరళలోని విళింజం రేవుకు వచ్చిన ఎంఎస్‌సీ ఇరీనా కూడా దాదాపు అంతే. వెడల్పు 61 మీటర్లు, 24 వేలకు పైగా కంటెయినర్లు పడతాయి. అంత పెద్ద ఓడ మన దేశపు రేవుకే వస్తే ఎంతమందికి గుర్తుంది?

అసలు గందరగోళమంతా 'టన్ను' అనే మాటతో వస్తోంది. ధాన్యం లారీని కాటా ఎక్కించడం చూసే ఉంటారు. సరుకుతో కలిపి మొత్తం బరువు ఒకటి, ఖాళీ బండి బరువు ఒకటి, రెండింటికీ తేడా తీస్తే సరుకు బరువు. యుద్ధనౌకకు చెప్పే టన్నులు మొత్తం బరువు. ఇనుము, ఇంధనం, విమానాలు, బాంబులు, మనుషులు, వంటింట్లో గిన్నెలతో సహా. అది పక్కకు నెట్టే నీటి బరువు కూడా అంతే ఉంటుంది కాబట్టి డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు. ట్యాంకర్‌కు చెప్పేది డెడ్‌వెయిట్. అంటే ఆ ఓడ ఎంత మోయగలదు అని. అందులో ఎక్కువ భాగం సరుకే, ఓడ ఇనుము బరువు అందులో కలవదు. ఒకరికి నిండు బండి బరువు, ఇంకొకరికి బస్తాల బరువు పక్కపక్కన రాసి పోలుస్తున్నారన్నమాట. అలా పోల్చినా ట్యాంకరే మూడింతలు ఉంటుంది. ఇనుము కూడా కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది.

కంటెయినర్ షిప్పులతో మరో చిక్కు. ఎవర్ గివెన్ ఇరుక్కున్నప్పుడు '2 లక్షల 20 వేల టన్నుల బరువున్న ఓడ' అని చాలా చోట్ల రాశారు. అది బరువే కాదు, గ్రాస్ టన్నేజ్. గ్రాస్ టన్నేజ్ అంటే ఓడ లోపల ఎంత చోటు ఉందో చెప్పే లెక్క. పూర్వం ఇంగ్లాండులో ఒక ఓడలో ఎన్ని పెద్ద వైన్ పీపాలు పడతాయో లెక్కపెట్టి పన్ను వేసేవారు. ఆ పీపా పేరే 'టన్'. పేరు అలాగే ఉండిపోయింది, మనం ఇప్పటికీ దాన్ని బరువు అనుకుంటున్నాం.

లెక్కలు పక్కన పెట్టండి. కళ్లకు కూడా విమాన వాహక నౌకే పెద్దగా కనిపిస్తుంది. దానికి కారణం ఉంది, నేను రోజూ చూసేదే. ఫోర్డ్ పైన డెక్ వెడల్పు 78 మీటర్లు. అదే నీటి దగ్గర కొలిస్తే 41 మీటర్లే. పైన గొడుగులా రెండు పక్కలా బయటికి వచ్చి ఉంటుంది. ఆ డెక్ నీటికి ఇరవై మీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే ఆ ఓడ తన పెద్దరికమంతా పైనే చూపిస్తుంది. నూనె నింపుకున్న ట్యాంకర్ సంగతి పూర్తిగా వేరు. మా ఓడ అడుగు నుంచి డెక్ వరకు ఎత్తు 30 మీటర్లు. ఫుల్ లోడ్‌లో 21 మీటర్ల పైన నీళ్లలోనే ఉంటుంది. మీకు ఫోటోలో కనిపించేది మిగతా తొమ్మిది మీటర్లు. మూడింట రెండొంతులు మునిగి ఉన్నదాన్ని చూసి 'ఇంతేనా' అనుకుంటారు.

అదే ఓడ నూనె దించేశాక చూడాలి. నేను క్యాడెట్‌గా మొదటిసారి వీఎల్‌సీసీ ఎక్కింది ఖాళీ ఓడే. లాంచీలో పక్కకు వెళ్లాం. తల ఎత్తితే ఎర్రటి ఇనుప గోడ తప్ప ఏమీ కనిపించలేదు. ఆకాశం కూడా సన్నని గీతలా ఉంది. పైనుంచి వేసిన తాడు నిచ్చెన కొంత దూరమే, అక్కడి నుంచి ఏటవాలు మెట్లు. నిచ్చెన పట్టుకున్న చేతులకు చెమట పట్టేసింది. పైకి వెళ్లాక డెక్ మీద నిలబడి ముక్కు వైపు చూస్తే, అక్కడ పెయింట్ వేస్తున్న మనుషులు వేలెడంత కనిపించారు. వాళ్ల దగ్గరికి పోవడానికి మా బోసన్, అంటే డెక్ పనివాళ్ల పెద్ద, సైకిల్ తీశాడు. నిజంగానే సైకిల్. పైపుల మధ్య దారిలో తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజు రాత్రి డెక్ రౌండుకు వెళ్లి రావడానికి నాకు అరగంట పైనే పట్టింది. దారిలో ఒక్క మనిషి ఎదురు పడలేదు.

మా ఓడలకు కూడా ఒక పెద్దన్న ఉండేది. సీవైజ్ జెయింట్. 1979లో జపాన్‌లో తయారైంది. పొడవు 458 మీటర్లు. మనుషులు కట్టిన ఓడల్లో అంత పొడవైనది అప్పటివరకు లేదు. ఇప్పటిదాకా వచ్చిన యుద్ధనౌకల్లో అన్నిటికంటే పొడవైనది అమెరికా వాళ్ల పాత ఎంటర్‌ప్రైజ్, 342 మీటర్లు. దానికంటే ఇది 116 మీటర్లు ఎక్కువ. సీవైజ్ జెయింట్ 5 లక్షల 64 వేల టన్నులు మోసేది. నిండుగా ఉన్నప్పుడు మొత్తం బరువు ఆరున్నర లక్షల టన్నులు, అంటే ఫోర్డ్ లాంటివి ఆరు కలిపినా ఇంకా మిగులుతుంది. నీటి కింద 24 మీటర్ల పైచిలుకు, ఎనిమిది అంతస్తుల మేడ మునిగిపోయేంత. లోడుతో ఉంటే సూయజ్‌లో పట్టదు, పనామాలో పట్టదు, ఇంగ్లిష్ ఛానెల్‌లోంచి కూడా పోలేదు. 1988లో ఇరాన్, ఇరాక్ యుద్ధంలో హోర్ముజ్ దగ్గర ఇరాక్ విమానాలు దాని మీద బాంబులు వేశాయి. తగలబడి మునిగింది. దాన్ని కూడా పైకి తీసి, బాగుచేసి, పేరు మార్చి మళ్లీ నడిపారు. అలాంటి ఓడ మీద పనిచేసింది నలభై మంది. ఫోర్డ్ మీద విమానాల సిబ్బందితో కలిపి నాలుగున్నర వేల మంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే తేడా ఇదే. విమాన వాహక నౌకలో ప్రతి అడుగులో ఒక మనిషి, ఒక పని ఉంటుంది. విక్రాంత్‌లో 2,300 గదులు, సుమారు 1,600 మంది. ఆసుపత్రి ఉంది, వంటశాలలు ఉన్నాయి, విమానాలు బాగుచేసే చోటు ఉంది. మా ఓడలో అంతా ట్యాంకులే. మనుషులం ఉండేది వెనక ఒక మూల కట్టిన మేడలో. 333 మీటర్ల ఓడలో పాతికమంది. ఇంజను చూసినా అంతే. విక్రాంత్‌లో నాలుగు గ్యాస్ టర్బైన్లు, మొత్తం 88 మెగావాట్లు. దానికి ఏడింతల బరువున్న మా ఓడకు ఉన్నది ఒకే ఒక్క డీజిల్ ఇంజను, విక్రాంత్ శక్తిలో మూడో వంతు కూడా ఉండదు. వాళ్లు 28 నాట్ల వేగంతో, అంటే గంటకు యాభై కిలోమీటర్ల పైనే, పరిగెత్తాలి, విమానం ఎగరడానికి గాలికి ఎదురు తిరగాలి. మాకు పదమూడు, పద్నాలుగు నాట్లు చాలు. ఖర్చు మాట చెప్పాలంటే విక్రాంత్‌కు సుమారు 20 వేల కోట్లు అయింది. కొత్త వీఎల్‌సీసీ ఒకటి వెయ్యి కోట్ల పైచిలుకులో వస్తుంది. కాబట్టి గొప్పతనం చెప్పాలంటే చెప్పడానికి చాలా ఉన్నాయి. లేని సైజు తగిలించనక్కర్లేదు.

నేవీ అంటే నాకు పడదని ఎవరైనా అనుకుంటే వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 2024 జనవరి 26న ఏడెన్ గల్ఫ్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌ను యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల క్షిపణి తాకింది. దాదాపు 250 మీటర్ల ఓడ, లోపల నాఫ్తా, ఇట్టే అంటుకునే నూనె. మంటలు లేచాయి. ఓడ మీద 22 మంది మనవాళ్లు, ఒక బంగ్లాదేశీ. వాళ్ల పిలుపు విని వెళ్లింది ఐఎన్ఎస్ విశాఖపట్నం, మన ఊరి పేరున్న ఓడ. పొడవు 163 మీటర్లు. తనకంటే ఎంతో పెద్ద ఓడ పక్కకు వెళ్లి, పదిమందిని పైకి పంపి, ఆ ఓడ సిబ్బందితో కలిసి గంటల తరబడి పోరాడి మంటలు ఆర్పారు. ఆ వార్త చదువుతున్నప్పుడు నేను మస్కట్ దగ్గర యాంకరేజ్‌లో ఉన్నాను. మెస్‌రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. చీఫ్ కుక్ ఒక్కడే మెల్లగా దండం పెట్టుకున్నాడు.

నా బాధ ఇంకొకటి. పెద్ద ఓడలో పాతికమందే ఉంటారు కాబట్టి ఆ పాతికమంది ఎవరికీ కనిపించరు. ఎవర్ గివెన్ బయటపడగానే ప్రపంచం మరిచిపోయింది. అందులో ఉన్న 25 మందీ భారతీయులే. నష్టపరిహారం గొడవ తేలే దాకా, జులై వరకు, ఆ ఓడను ఈజిప్టులో సరస్సులో ఆపేశారు. 2024 మార్చిలో బాల్టిమోర్ వంతెనను గుద్దిన డాలి ఓడలో కూడా ఎక్కువమంది మనవాళ్లే. ఆ ప్రమాదంలో వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఓడ వాళ్లు వారాల తరబడి ఆ శిథిలాల కిందే, ఓడ మీదే ఉన్నారు. కోవిడ్ వచ్చిన 2020 చివరికి ప్రపంచమంతా కలిపి దాదాపు 4 లక్షల మంది నావికులు కాంట్రాక్టు అయిపోయినా దిగలేక ఓడల మీదే చిక్కుకుపోయారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. పదమూడు నెలలు. ఆ అక్టోబరులోనే వాయుగుండానికి మా తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ. ఊరంతా చూడ్డానికి వెళ్లింది. అక్క దాని ముందు నిలబడి ఫోటో పంపి, 'ఎంత పెద్ద ఓడో చూడు తమ్ముడూ' అంది. అది సుమారు 80 మీటర్లు. నేను ఆ ఫోటో చూసింది దానికి నాలుగింతలున్న ఓడలో కూర్చుని. నన్ను దించడానికి ఏ రేవూ ఒప్పుకోవడం లేదు. ఆ మాట అక్కకు అప్పుడు చెప్పలేకపోయాను.

అందుకే పోయిన ఆదివారం పిల్లాణ్ణి కైలాసగిరి తీసుకెళ్లాను. సాయంత్రం ఎండ పడి సముద్రం మెరుస్తోంది. రేవు బయట ఏడు ఓడలు లంగరు వేసుకుని ఉన్నాయి. అంత దూరానికి అగ్గిపుల్లల్లా ఉన్నాయి. "ఇవన్నీ చిన్నవే కదా మామయ్యా" అన్నాడు. ఫోన్‌లో యాప్ తెరిచి ఇచ్చాను. కుడి పక్క చివరిదాని మీద నొక్కాడు. బల్క్ క్యారియర్, అంటే బొగ్గు, ఖనిజం లాంటివి గుట్టగా పోసుకుని మోసే ఓడ, పొడవు 292 మీటర్లు, వెడల్పు 45. కాసేపు ఫోన్ వైపు, కాసేపు సముద్రం వైపు చూశాడు.

"విక్రాంత్ కంటే 30 మీటర్లు ఎక్కువ" అన్నాడు. తర్వాత, "దాంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఇరవై, ఇరవై రెండు."

"ఇప్పుడు ఏం చేస్తుంటారు?"

టైమ్ చూశాను. ఐదున్నర. "ఒకరు పైన వాచ్‌లో ఉంటారు. కుక్ రాత్రికి వంట మొదలుపెట్టి ఉంటాడు. మిగతా వాళ్లు మన ఊరి సిగ్నల్ అందుతుందేమోనని ఫోన్లు పట్టుకుని ఈ పక్క రెయిలింగ్ దగ్గర నిలబడి ఉంటారు."

వాడు ఏమీ అనలేదు. ఆ ఓడ వైపు చెయ్యి ఊపాడు.