రెండంగుళాలు దించితే 240జెడ్ రేసు కారైపోతుందా?

పాత కార్ల పిచ్చి ఉన్న మనవాళ్ల మధ్య ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "డాట్సన్ 240జెడ్ లాంటి పాత స్పోర్ట్స్ కారుకి పొట్టి స్ప్రింగులు వెయ్యండి, లేదా ఉన్నవే రెండు చుట్లు కోసెయ్యండి. రెండంగుళాలు దిగితే మలుపులో ఒరగదు, రోడ్డుకి అతుక్కుపోతుంది. షాక్‌లు అవే ఉంచొచ్చు, అలైన్‌మెంట్ చేయిస్తే చాలు. రేసు కార్లన్నీ అలాగే ఉంటాయి. నచ్చకపోతే మళ్లీ పాతవి పెట్టుకోవచ్చు." న్యూజెర్సీలో 1972 మోడల్ 240జెడ్ పెట్టుకుని ఆరేళ్లుగా తంటాలు పడుతున్నాను, పైన చెప్పిన తప్పుల్లో సగం నేనూ చేశాను. అందుకే ఒక్కో ముక్కా తీసుకుని చెప్తాను.

"మలుపులో ఒరగదు." ఇక్కడ సగం నిజం ఉంది, ముందు అది ఒప్పుకుందాం. డ్రైవరుతో కలిపి కారు 1100 కిలోలు, చక్రాల మధ్య వెడల్పు 1.35 మీటర్లు, గురుత్వ కేంద్రం నేలకి అర మీటరు ఎత్తులో ఉందనుకోండి. 0.8 జి మలుపులో, అంటే పక్కకి లాగే బలం కారు బరువులో 0.8 వంతు ఉన్నప్పుడు, లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదకి సుమారు 326 కిలోల బరువు పోతుంది. గురుత్వ కేంద్రం 5 సెంటీమీటర్లు దిగితే అది 293 అవుతుంది. పదో వంతు తగ్గింది, మంచిదే.

కానీ బరువు మారడం వేరు, బాడీ ఒరగడం వేరు. 240జెడ్‌కి నాలుగు వైపులా స్ట్రట్లే, అంటే స్ప్రింగునీ, దాని ఊపుని ఆపే షాక్ అబ్సార్బర్‌నీ కలిపిన నిలువు గొట్టాలు. ముందు వైపు చూస్తే, కారు దిగినప్పుడు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపు బాడీకి కలిపే చెయ్యి) బయటి కొస లోపలి కొస కంటే పైకి వెళ్తుంది, దాంతో రోల్ సెంటర్, అంటే ఏ బిందువు చుట్టూ బాడీ ఒరుగుతుందో అది, గురుత్వ కేంద్రం కంటే ఎక్కువగా కిందికి జారిపోతుంది. ఆ రెండింటి మధ్య దూరమే బాడీని ఒరిగించే గునపం. గునపం పొడుగైతే రాయి ఇంకా తేలిగ్గా లేస్తుంది కదా, ఇక్కడా అంతే. కాబట్టి స్ప్రింగు పొట్టిదై, గట్టిదనం మాత్రం పాతదే అయితే కారు మునుపటి కంటే ఎక్కువ ఒరగొచ్చు కూడా. పైగా ఒరిగినప్పుడు బయటి చక్రం పైభాగం లోపలికి వాలాల్సింది పోయి బయటికి వాలడం మొదలవుతుంది, టైరు అంచు మీద నడుస్తుంది. రోడ్డుకి అతుక్కోవడం అంటే ఇదేనా?

"రెండు చుట్లు కోసెయ్యండి." చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, పనిచేసే చుట్లు ఎనిమిదిలో రెండు పోతే మూడో వంతు పెరుగుతుంది. అయినా ఎంత గట్టిపడాలన్నది మీరు తేల్చుకున్న లెక్క కాదు, రంపం తేల్చిన లెక్క. గ్యాస్ మంటతో కోస్తే ఆ వేడికి ఉక్కు గుణమే చెడుతుంది. ఇక కారుని జాకీ మీద ఎత్తి చక్రం వేలాడదీస్తే, కోసిన స్ప్రింగు పాత పొడవు స్ట్రట్‌లో వదులుగా గిలకొడుతుంది. దాని చోటు తప్పిందంటే తర్వాతి గుంతలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"షాక్‌లు అవే ఉంచొచ్చు." నాకు డబ్బులు వదిలింది ఇక్కడే. బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మకి తగిలే లోపు చక్రానికి పైకి కదలడానికి మూడంగుళాల చోటుందనుకోండి, రెండంగుళాలు దించాక మిగిలింది ఒక్కటే. మా బావని పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి తీసుకెళ్లిన రోజు, వంతెన మీద ప్రతి అతుకు దగ్గరా ధన్ ధన్‌మని ఒకటే మోత, "బండి విరిగిపోయిందేమో చూడు బావా" అని ఆయన టెన్షన్. మలుపు మధ్యలో అదే తగిలితే మోతతో పోదు, ఆ చక్రం దగ్గర స్ప్రింగు ఉన్నట్టుండి రాయిలా మారి పట్టు జారుతుంది. గట్టి స్ప్రింగు వెనక్కి తన్నడాన్ని పాత మెత్తటి షాక్ ఆపలేదు కూడా.

సరే, పొట్టి షాక్‌లు వేస్తే? మెకానిక్ నాకు ఆ సలహానే ఇచ్చాడు, పొట్టి కార్ట్రిడ్జ్ (గొట్టం లోపల కూర్చునే షాక్) పాత గొట్టంలో పెట్టి కింద ఒక ముక్క సర్దాడు. లాభం సున్నా. కార్ట్రిడ్జ్ అడుగే పైకొచ్చింది కాబట్టి పిస్టన్ దిగే చోటు పెరగలేదు. స్ట్రట్ గొట్టాన్నే కోసి, పొట్టిచేసి, తిన్నగా వెల్డింగ్ చేసి, అప్పుడు పొట్టి షాక్ వేస్తేనే చక్రం పైకి కదలడానికి పోయిన చోటు తిరిగొస్తుంది.

"అలైన్‌మెంట్ చేయిస్తే చాలు." ఈ కారుకి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు ముందు చక్రాల టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు ఎంత లోపలికో బయటికో తిరిగి ఉన్నాయన్నది, ఒక్కటే. కేంబర్‌కి, అంటే చక్రం నిలువుగా ఎంత వాలిందన్నదానికి, లేదు, వెనక చక్రాలకి అసలేమీ లేదు. పైన కేంబర్ ప్లేట్లు గానీ, కింద ప్రత్యేకమైన బుష్‌లు గానీ వేయకుండా అలైన్‌మెంట్ షాపు వాడు మాత్రం ఏం తిప్పుతాడు? ఇక గుంత తగిలినప్పుడు స్టీరింగ్ దానంతటదే లాగడం నిలబడి ఉన్న కారు మీద కొలిస్తే తెలియదు. దానికని "బంప్ స్టీర్ స్పేసర్లు" అమ్ముతారు, పేరే తప్పు. స్ట్రట్ కింద పెట్టే ఆ దిమ్మ బాల్ జాయింట్‌నీ (ఆర్మ్ బయటి కీలు) టై రాడ్ కొసనీ (చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కడ్డీ) కలిపే కిందికి దించుతుంది, కాబట్టి ఆర్మ్ వాలు, రోల్ సెంటర్ బాగుపడతాయి కానీ ఆర్మ్‌కీ టై రాడ్‌కీ మధ్య తేడా అలాగే ఉంటుంది. అది సరిచేయాలంటే క్రాస్‌మెంబర్‌లో (కారు కింద అడ్డంగా ఉండే దూలం) ఆర్మ్ లోపలి బోల్టు రంధ్రం చోటు మార్చాలి.

"రేసు కార్లన్నీ అలాగే ఉంటాయి." ఏ రేసు? జాన్ మోర్టన్ 1970, 1971లలో అమెరికాలో సీ ప్రొడక్షన్ అనే రేసు తరగతిలో ఛాంపియన్‌షిప్ గెలిచిన బీఆర్‌ఈ జట్టు 240జెడ్ కిందికే ఉండేది, నున్నటి ట్రాక్ మీద, సస్పెన్షన్ మొత్తం దానికి తగ్గట్టు మార్చి. అదే 1971లో ఇదే మోడల్‌తో ఎడ్గార్ హెర్మన్, హాన్స్ షూలర్ ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచారు. 1973లో మళ్లీ గెలిచింది మన మూలాలున్న ఉగాండా కుర్రాడు శేఖర్ మెహతా. బురదలో, గుంతల్లో, రాళ్ల దారుల్లో వేల కిలోమీటర్లు. అక్కడ కారుని రెండంగుళాలు దించితే మొదటి రోజే ఇంటికి. మీ ఊరి రోడ్డు ఈ రెండింట్లో దేనికి దగ్గరో మీరే చూసుకోండి, మాది మాత్రం చలికాలం గుంతలతో మార్చి నెల వచ్చేసరికి సఫారీయే.

"నచ్చకపోతే పాతవి పెట్టుకోవచ్చు." కోసిన స్ప్రింగు మళ్లీ పెరగదు, కోసిన గొట్టమూ అంతే. అందుకే రెండోసారి వేరే స్ట్రట్ల సెట్టు కొని దాన్నే కోయించాను. దించింది ఒక్క అంగుళం. ఒరిజినల్ సెట్టు నూనె రాసి, గుడ్డలో చుట్టి గరాజ్ అటక మీద పెట్టాను.