ఆగస్టు గ్రీసు ప్రయాణానికి ఒక్క ద్వీపం చాలు

అమెరికాలోని మనవాళ్ల గ్రీసు ప్లాన్లన్నీ దాదాపు ఒకటే. ఏథెన్స్‌లో ఒక రాత్రి, మైకొనోస్ దీవిలో రెండు, శాంటొరిని దీవిలో రెండు, ఆ మర్నాడే తిరుగు విమానం. జూలై, ఆగస్టుల్లో ఈ ప్లాన్ ఏ రోజైనా చెడిపోవచ్చు. ఆ రెండు నెలలూ ఏజియన్ సముద్రం మీద మెల్తెమి అనే ఉత్తరగాలి వీస్తుంది. ఆకాశంలో మబ్బు తునక కూడా కనపడదు, అయినా ఓడలు ఆగిపోతాయి. గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్టు కొలమానంలో 8కి చేరితే సాధారణంగా పెద్ద ఫెర్రీలనూ రేవు అధికారులు కదలనివ్వరు. హైస్పీడ్ ఓడలు అంతకంటే ముందే ఆగుతాయి. ఓడ రద్దయితే టికెట్ డబ్బు వాపసు ఇస్తారు, లేదంటే తర్వాతి ఓడలో చోటిస్తారు. వాతావరణం కారణమైతే ఆ రాత్రి హోటల్ ఖర్చు మనదే. విమానం తప్పితే ఆ నష్టమూ మనదే.

అందుకే ఒక్క చిన్న ద్వీపం ఎంచుకుని ఐదు రాత్రులు ఉండండి. తిరుగు విమానానికి రెండు రోజుల ముందే ఏథెన్స్ చేరండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు గ్రీన్ కార్డు ఉన్నా షెంగెన్ వీసా తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. వేసవి అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి, ఆలస్యం చేయకండి.

ఉదాహరణకు సిఫ్నోస్ దీవినే తీసుకోండి. అక్కడ విమానాశ్రయం లేదు. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి పెద్ద ఫెర్రీలో సుమారు ఐదు గంటలు, హైస్పీడ్‌లో మూడు. పెద్దవాళ్లు వెంట ఉంటే పెద్ద ఫెర్రీయే మేలు: కుదుపు తక్కువ, డెక్ మీద గాలికి కూర్చోవచ్చు. పొద్దున ఏడింటి ఓడకు ఏథెన్స్ విమానాశ్రయం నుంచి మొదటి మెట్రో అందదు. రాత్రంతా నడిచే ఎక్స్96 బస్సు ఉంది, లేదా ముందురాత్రి పిరేయస్‌లోనే పడుకోవాలి. రేవు చాలా పెద్దది, గేటు నంబరు ముందే చూసుకోండి. దిగే ఊరు రాగానే సామాను తీసుకుని కింద గ్యారేజీలో సిద్ధంగా నిలబడాలి. ఓడ అక్కడ కొన్ని నిమిషాలే ఆగుతుంది.

కారు లేకపోయినా ఫరవాలేదు, దీవిలోని ముఖ్య ఊరు అపొలోనియా నుంచి అన్ని పక్కలకూ బస్సులున్నాయి. ఆగస్టులో ఆటోమేటిక్ కారు దొరకడం ఎలాగూ కష్టమే. ఉత్తరగాలి రోజున దక్షిణాన ఉన్న ప్లాటిస్ యాలోస్, వాథీ తీరాలకు వెళ్లండి.

శాకాహారులకు ఆగస్టు ఒక వరం. 1 నుంచి 14 దాకా ఆర్థొడాక్స్ క్రైస్తవుల ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు లేని వంటను ‘నిస్తీసిమో’ అంటారు, ఆ మాట చెప్పి అడగండి. అయితే ఆక్టోపస్, స్క్విడ్ అందులో చెల్లుతాయి, కాబట్టి అవీ వద్దని విడిగా చెప్పాలి. సిఫ్నోస్‌లో శనివారం రాత్రి శనగలు, ఉల్లిపాయలు, ఆలివ్ నూనె మట్టికుండలో వేసి కట్టెల పొయ్యిలో పెడతారు. ఆదివారం మధ్యాహ్నానికి అది రెవిథాడా అవుతుంది. ఆలస్యంగా వెళ్తే కుండ ఖాళీ.

ప్రైవేటు కొలను ఉన్న గది మాత్రం అడగొద్దు. నీటి కొరత ఉన్న దీవిలో, పక్కనే సముద్రం ఉండగా అది అన్యాయం. టాయిలెట్ కాగితం బుట్టలోనే వేయాలి, గొట్టాలు సన్నవి, పూడిపోతాయి.

ఆగస్టు 15 మేరీమాత పండుగ. గ్రీసు అంతా ఆ వారమే దీవుల మీద ఉంటుంది, గదులు శీతాకాలంలోనే పట్టుకోవాలి. పిల్లల బడి ఆగస్టు మొదట్లోనే తెరిచే రాష్ట్రాలవాళ్లు జూన్‌లో వెళ్లండి. గాలీ తక్కువ, అద్దెలూ తక్కువ.