హడావిడి సరే, ఆ అయిదుగురు ఏరీ?

నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు. నవంబరు 25న యూటా చేతిలో 23-17తో ఓడటంతో కొలరాడో యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2023 సీజన్ ఇలా ముగిసింది. సెప్టెంబరులో ఈ జట్టును నెత్తిన పెట్టుకుని ఊరేగినవాళ్లే ఇప్పుడు 'మేం అప్పుడే అనుకున్నాం' అంటున్నారు. మాకు రెండూ నచ్చలేదు. 2022లో పన్నెండు మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటి గెలిచిన జట్టు ఇది, అలాంటిది నాలుగు గెలిచిందంటే కొత్త కోచ్‌ను కొట్టిపారేయాల్సిన పనేం లేదు. అయితే ఆ ఎనిమిది ఎలా ఓడిందో చూస్తే మాత్రం కొన్ని మాటలు కుండబద్దలు కొట్టి చెప్పాలనిపిస్తోంది.

మన దగ్గర కాలేజీ ఆటలంటే స్పోర్ట్స్ డే రోజు షామియానా, ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం, అంతే. అమెరికాలో అది వేల కోట్ల వ్యాపారం, శనివారం వచ్చిందంటే యాభై వేలూ లక్షా జనం పట్టే స్టేడియాలు నిండిపోతాయి. అక్కడ చదువుకుంటున్న మన పిల్లల్ని అడిగితే ఆ రోజు క్యాంపస్‌లో కారు పెట్టుకునే చోటు దొరకదని చెబుతారు. అంత హడావిడి ఉన్నచోట కూడా ఏ కోచ్ చుట్టూ లేనంత హడావిడి డియాన్ శాండర్స్ చుట్టూ నడిచింది. ఆటగాడిగా హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కినవాడు, ఒకే కాలంలో ఫుట్‌బాలూ బేస్‌బాలూ రెండూ ప్రొఫెషనల్ స్థాయిలో ఆడినవాడు, మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ అనే చిన్న జట్టును మూడేళ్లలో గెలుపు బాట పట్టించినవాడు. కొలరాడో అయిదేళ్లకు 2 కోట్ల 95 లక్షల డాలర్లకు ఒప్పందం రాసింది, మన లెక్కలో దాదాపు 245 కోట్లు. అంత డబ్బు ఇంకా చేతిలో లేదు, ఎలాగోలా వస్తుంది అని యూనివర్సిటీ క్రీడా విభాగం పెద్ద అప్పుడే బాహాటంగా చెప్పేశాడు. ధైర్యమే!

వచ్చీరాగానే, 2022 డిసెంబరులో, శాండర్స్ పాత కుర్రాళ్లను కూర్చోబెట్టి చెప్పిన మాట వీడియోగా దేశమంతా చూసింది. నా సామాను, అంటే నా ఆటగాళ్లను, నేను తెచ్చుకుంటున్నా, అది ఖరీదైన లూయీ విటాన్ సామాను, మీరు వేరే జట్టు చూసుకోండి, ఇదీ సారాంశం. పొమ్మనలేక పొగబెట్టడం మనకు తెలుసు, ఈయన పొగ కూడా పెట్టలేదు, నేరుగా పొమ్మన్నాడు. ఏప్రిల్ 22న చలిలో, మంచులో జరిగిన స్ప్రింగ్ మ్యాచ్‌కే, అంటే జట్టు తనలో తాను ఆడుకునే సాధన ఆటకే, 47 వేలమందికి పైగా వచ్చారు, అది అయిన కొద్ది రోజులకే కుర్రాళ్లు వరసపెట్టి జట్టు వదిలారు. మొత్తంమీద యాభై మందికి పైగా వెళ్లిపోయారు. కొత్త కోచ్ మొదటి ఏడాది ఆటగాళ్లను జట్టులోంచి తప్పించవచ్చు, చదువు స్కాలర్‌షిప్ మాత్రం యూనివర్సిటీ కొనసాగించాలి, ఇదీ అప్పటి రూలు. అంటే రూలు ప్రకారం తప్పేమీ జరగలేదు. పదకొండు మ్యాచ్‌లు ఓడిన జట్టును అలాగే ఉంచమని కూడా మేం అనం. కానీ పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లాడి ఇంటికి ఒకప్పుడు మనుషుల్ని పంపి, అమ్మానాన్నలకు నచ్చజెప్పి, మరీ తీసుకొచ్చింది ఈ యూనివర్సిటీయే కదా. వాళ్లు వెళ్లేటప్పుడు గౌరవంగా ఒక్క మాట చెప్పాల్సింది కోచ్ కాకపోతే యూనివర్సిటీ. టికెట్లు అమ్ముకునే హడావిడిలో అది జరిగినట్టు మాకు కనిపించలేదు.

సెప్టెంబరు 2న ఫోర్ట్ వర్త్‌లో టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మీద 45-42తో గెలుపు. అంతకుముందు సీజన్‌లో జాతీయ ఫైనల్ ఆడిన జట్టు అది. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్, అంటే కోచ్ గారి అబ్బాయి, ఆ ఒక్క రోజే 510 గజాలు విసిరాడు, యూనివర్సిటీ చరిత్రలోనే రికార్డు. కొడుకును తెచ్చి నెత్తిన పెట్టాడన్న నోళ్లన్నీ సాయంత్రానికి మూతపడ్డాయి. వారసుల్ని దింపడం మనకేం కొత్త కాదు, ఇలా ఆడే వారసుడు దొరకడమే కష్టం. ట్రావిస్ హంటర్ అయితే టెక్సస్ ఎండలో బంతి పట్టేవాడిగానూ, ఎదుటివాడిని పట్టనివ్వనివాడిగానూ రెండు వైపులా ఆడాడు. ఈ రోజుల్లో అలా దాదాపు ఎవరూ ఆడరు. 'ఇప్పుడైనా నమ్ముతారా?' అని కోచ్ విలేకరులను నిలదీశాడు. తర్వాత నెబ్రాస్కా మీద 36-14. ఆ తర్వాత పక్క ఊరి కొలరాడో స్టేట్ మీద అర్ధరాత్రి దాటాక రెండో ఓవర్‌టైమ్‌లో 43-35. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు టోపీ, నల్లకళ్లద్దాలు తీయాలని మా అమ్మ నేర్పింది అని ఆ జట్టు కోచ్ మ్యాచ్‌కు ముందు దెప్పితే, శాండర్స్ తన జట్టు మొత్తానికీ నల్లకళ్లద్దాలు పంచిపెట్టాడు. మాకూ నవ్వొచ్చింది, దాచుకోవడం ఎందుకు. కానీ అదే మ్యాచ్‌లో హంటర్‌ను దెబ్బ తీసిన కుర్రాడికి చంపేస్తామన్న బెదిరింపులు వెళ్లాయి. అభిమానం అంటే ఇదైతే మాకు అక్కర్లేదు.

వారం తిరిగేసరికి ఆరెగాన్ వచ్చింది. వాళ్లు క్లిక్‌ల కోసం ఆడుతున్నారు, మనం గెలుపు కోసం ఆడుతున్నాం అని అక్కడి కోచ్ తన కుర్రాళ్లకు ఎక్కించాడు. సగం ఆటకే 35-0, చివరికి 42-6. ఆ రోజు బయటపడ్డ సంగతే సీజన్ పొడవునా వెంటాడింది. క్వార్టర్‌బ్యాక్ ముందు అయిదుగురు భారీకాయులు వరుసగా నిలబడతారు, ఆఫెన్సివ్ లైన్ అంటారు. వాళ్లు బంతి ముట్టుకునేది తక్కువ, పేరు పేపర్లో పడేది ఇంకా తక్కువ. ఎదుటి జట్టువాళ్లు మీదపడకుండా ఓ మూడు సెకన్లు ఆపితే క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, ఆపలేకపోతే నేల కరుస్తాడు. షెడూర్ 11 మ్యాచ్‌ల్లో 52 సార్లు నేల కరిచాడు. అంత తన్నులు తింటూ కూడా 27 టచ్‌డౌన్లు, అంటే బంతిని చివరి గీత దాటించే స్కోర్లు, విసిరి మూడంటే మూడే బంతులు ప్రత్యర్థి చేతిలో పెట్టాడంటే ఆ కుర్రాడి గుండెధైర్యం తెలుస్తుంది. చివరికి నడుం దెబ్బతిని యూటా మ్యాచ్‌లో దిగనేలేదు. బంతి పట్టుకుని పరుగెత్తే ఆటలో ఈ జట్టు దేశంలోనే అట్టడుగు జట్లలో ఒకటి, దానికీ కారణం ఆ వరుసే.

స్టార్లను ఒక్క శీతాకాలంలో పోగేయవచ్చు. లైన్ అలా కుదరదు. పక్కవాడు ఎడమకు కదిలితే తను ఎటు కదలాలో చెప్పకుండానే తెలియాలి, అది కలిసి రెండు మూడేళ్లు ఆడితేనే వస్తుంది. కొందరు పాతవాళ్లు, కొందరు రకరకాల చోట్ల నుంచి వచ్చిన కొత్తవాళ్లు, వేసవిలో పరిచయం, సెప్టెంబరులో మ్యాచ్. ఇంకేం కుదురుతుంది?

అక్టోబరు 13, శుక్రవారం రాత్రి. సొంత గడ్డ మీద స్టాన్‌ఫర్డ్‌పై సగం ఆటకు 29-0 ఆధిక్యం. గాయం నుంచి కోలుకుని హంటర్ తిరిగొచ్చాడు, ఇక ఇంటికెళ్లి పడుకోవచ్చు అనుకున్నారు జనం. రెండో సగంలో ఎలిక్ అయోమనోర్ అనే స్టాన్‌ఫర్డ్ కుర్రాడు విజృంభించాడు, ఒకటైతే 97 గజాల టచ్‌డౌన్. ఓవర్‌టైమ్‌లో అయోమనోర్ తనను కాపలా కాస్తున్న హంటర్ తలకు వెనకాల, హంటర్ హెల్మెట్‌కే అదిమిపెట్టి మరీ ఒక బంతి పట్టాడు, చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. ఆ రాత్రి మొత్తం 294 గజాలు అయోమనోర్‌వే. ఆధిక్యంలో ఉన్నప్పుడు బంతిని నేల మీదే నడిపించి గడియారం కరిగించాలి, అది లైన్ చేసే పని. కొలరాడోకు అదే చేతకాలేదు. 46-43తో ఓడిపోయింది.

అక్టోబరు 28న యూసీఎల్ఏతో ఓడాక కోచ్ ఏమన్నాడో చూడండి. కొత్త లైన్‌మెన్‌ను తెచ్చుకుంటాం, అసలు పరిష్కారం అదే అన్నాడు. ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి. వాటిలో షెడూర్ ముందు నిలబడాల్సింది ఆ కుర్రాళ్లే. వాళ్లూ టీవీ చూస్తారుగా! అదే వారంలో ప్రతిసారీ ఏ ఎత్తు వేయాలో చెప్పే బాధ్యతను సహాయ కోచ్ షాన్ లూయిస్ చేతిలోంచి తీసి పాట్ షర్మర్‌కు అప్పగించాడు. నాలుగూ ఓడారు, వాషింగ్టన్ స్టేట్‌తో అయితే 56-14. మైకు ముందు కోచ్ దాపరికం లేకుండా మాట్లాడతాడని మెచ్చుకునేవాళ్లున్నారు, మేమూ కొన్నిసార్లు మెచ్చుకున్నాం. కానీ తప్పు ఎప్పుడూ వెళ్లిపోవాల్సినవాళ్లదే ఎలా అవుతుంది? డిసెంబరులో పాతవాళ్లది, అక్టోబరులో లైన్‌ది, నవంబరులో లూయిస్‌ది. జట్టును కూర్చింది ఎవరు?

ఆటగాళ్లు జట్టు మారేందుకు పేరు నమోదు చేసుకునే బదిలీల పోర్టల్ 2023 డిసెంబరు 4న తెరుచుకుంది. పేరున్న రిసీవర్లు, అంటే బంతి పట్టేవాళ్లు, కొలరాడో యూనివర్సిటీ ఉన్న బౌల్డర్‌కు వాళ్లంతట వాళ్లే వస్తారు, దాని గురించి ఎవరికీ టెన్షన్ అక్కర్లేదు. అయిదుగురు లైన్‌మెన్ కావాలి, వాళ్లలో కనీసం ఇద్దరు ముగ్గురు స్కూలు నుంచి నేరుగా వచ్చి మూడు నాలుగేళ్లు ఇక్కడే ఉండేవాళ్లయి ఉండాలి, వాళ్లు ఎదిగేదాకా ఆగే ఓపిక కోచ్‌కు ఉండాలి. ఈసారి ఎవరిని పంపినా ఆ మాట కెమెరాలు ఆపేసి, గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా చెప్పాలి. ఆ షరతు శాండర్స్‌కు పెట్టాల్సింది ఒప్పందం మీద సంతకం చేసిన యూనివర్సిటీయే.