కాబోయే మామయ్యగారు క్యారేజీ తెచ్చుకున్నారు

వాళ్ళ కారు ఇప్పుడే చెరువుగట్టు మలుపు తిరిగింది. నేను పెరట్లో కొబ్బరిచెట్టు కింద మడతమంచం మీద కూర్చుని ఇది కొడుతున్నాను. లోపలికి వెళ్తే ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అనేస్తాను. ఇవాళ అనకూడదట. శుభమా అని పెళ్ళిమాటలు జరిగిన రోజు కదా.

శుభమే. మా కాబోయే మామయ్యగారు మా ఇంటికి భోజనానికి వస్తూ భోజనం తెచ్చుకున్నారు.

సరిగానే చదివారు. రెండు గిన్నెల స్టీలు క్యారేజీ. పై గిన్నెలో పాలకూర పప్పు, కింద గిన్నెలో జొన్నరొట్టెలు. అంబాజీపేట దగ్గర ఓ పల్లెటూళ్ళో, ఇరవై రెండు రకాలు వడ్డించడానికి సిద్ధంగా పరిచిన అరటాకు ముందు కూర్చుని, ఆయన ఆ మూత తీశారు. పిడుగు పడినా మా ఇంట్లో అంత నిశ్శబ్దం రాదు.

కోనసీమ వాళ్ళకి దీని తీవ్రత విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళు వినండి. మా దగ్గర మనిషిని తిట్టొచ్చు. గట్టు తగాదాకి కోర్టుకి లాగొచ్చు. పదేళ్ళు మాటలు మానేయొచ్చు. ఆ పదేళ్ళలో ఎప్పుడైనా వాడు గుమ్మం ఎక్కితే మాత్రం "భోంచేసి వెళ్ళు" అనాలి, వాడు తినాలి. తిన్నాక మళ్ళీ కోర్టుకి వెళ్ళొచ్చు.

అసలు నాకూ, నా కాబోయేవాడికీ ఏ గొడవా లేదు. హైదరాబాదులో ఒకే ఆఫీసు, ఆరేళ్ళ పరిచయం. వాళ్ళది హనుమకొండ. ఈ మధ్య పెద్దవాళ్ళు వీడియో కాల్స్‌లో ఎంత ముచ్చటగా మాట్లాడుకున్నారో! "బావగారూ" అంటే "బావగారూ". వీడియో కాల్‌లో భోజనం ఉండదు కాబట్టి అంతా బాగానే ఉందని నాకు ఇవాళ అర్థమైంది.

నాన్న బుధవారం నుంచీ మనిషిలో లేడు. కొరమేను ఎక్కడిది, రొయ్య ఏ చెరువుది, పనసపొట్టు ఎవరు సన్నగా కొడతారు, ఇదే ధ్యాస. తాపేశ్వరం నుంచి మడతకాజా, ఆత్రేయపురం నుంచి పూతరేకులు. నాటుకోడి పులుసు, కందాబచ్చలి, ముక్కల పులుసు, బూరెలు, పెరుగావడలు. ఇది ఎర్రనీళ్ళ కాలం కాదు కాబట్టి బతికిపోయాం. గోదావరికి వరద వచ్చే రోజులైతే పులస కోసం నాన్న ఎకరం తాకట్టు పెట్టేవాడు, నాకు అనుమానం లేదు.

వాళ్ళు ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా పొద్దున్నే బయల్దేరి ఒంటిగంటకి దిగారు. కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళిచ్చాం. కొబ్బరి బొండాలు కొట్టించాం. మామయ్యగారు రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశారు. షుగరట. అక్కడికి మొదటి దెబ్బ. అంబాజీపేట కొబ్బరి అంటే మా నాన్నకి కొడుకు కన్నా ఎక్కువ.

తర్వాత క్యారేజీ.

"ఏమనుకోకండ్రి బావగారు, నాకు షుగరున్నది, డాక్టరు గట్టిగ చెప్పిండు. మా ఆమె రెండు రొట్టెలు పెట్టుకొచ్చింది" అన్నారాయన, చాలా మర్యాదగా.

మా నాన్నకి కోపం వస్తే కోపం రాదు, వెటకారం వస్తుంది. "ఆయ్, దానికేవుందండీ! మరి మంచినీళ్ళు మావి తాగుతారాండి, అవి కూడా తెచ్చుకున్నారా?" అన్నాడు నవ్వుతూ.

ఆయన రిటైరైన లెక్కల సారు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడమే తెలుసు. "కారుల ఉన్నదండి బాటిల్. తెప్పించాల్నా?" అన్నారు.

ఇంత చక్కటి వెటకారం ఇలా నేలపాలవ్వడం నేను చూడలేదు. గోదావరి జిల్లాల్లో పుట్టిన మనిషికి అవతలివాడు తిట్టినా పర్లేదు, వెటకారం అర్థం కాకపోతే మాత్రం ప్రాణం పోతుంది.

మా నాన్న మొహం చదవడానికి నా దగ్గరో పద్ధతుంది. వరదల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. బొండం పక్కన పెట్టినప్పుడు మొదటిది దాటింది. క్యారేజీకి రెండోది. "బాటిల్ తెప్పించాల్నా"కి మూడోది ఎగరేసేశారు. అమ్మ వెనక నుంచి చొక్కా లాగింది కాబట్టి గట్టు తెగలేదు.

మరి నా కాబోయేవాడు ఏం చేస్తున్నాడు? తింటున్నాడు. తలెత్తకుండా తింటున్నాడు. రొయ్యల ఇగురు మూడోసారి వేయించుకున్నాడు. వాళ్ళమ్మ వాడి ఆకు వైపు చూసిన చూపు నేను చూశాను. భద్రాచలం దగ్గర నీళ్ళు పెరిగితే ఆ తర్వాత మా వంతే కదా. ఆ చూపు కూడా నెమ్మదిగా నా దాకా వస్తుంది.

భోజనాలయ్యాక అసలు మాటలు. మామయ్యగారు చేతిసంచిలోంచి రూళ్ళ నోటుబుక్కు తీశారు. గీతలు గీసి గళ్ళు కట్టుకుని వచ్చారు, పాపం.

"మీ దిక్కు నుంచి ఎంతమంది వస్తరు?"

"ఊరంతా అండి."

"ఊరంత అంటే నంబర్ చెప్పండ్రి."

"గోదాట్లో నీళ్ళెన్నంటే ఏం చెప్తావండీ!"

నాన్నా, దానికి కూడా నంబరుంది, ఇందాక పైన రాశాను. కానీ ఆయన వినడు. చివరికి ఆ గడిలో మామయ్యగారు 'ఊరు' అని రాసుకున్నారు. నేను కళ్ళారా చూశాను. పక్క గడిలో వాళ్ళవైపు లెక్క 412 అని ఉంది. 412! 400 కాదు, 420 కాదు.

తర్వాత అత్తయ్యగారు ఒడిబియ్యం సంగతి ఎత్తారు. మా అమ్మకి ఆ మాట కొత్త. బియ్యం అనగానే అడుగుతున్నారనుకుంది. నాన్న అప్పుడే గట్టున పడ్డ చేపలా ఉన్నాడు, బియ్యం అనే మాట వినబడగానే నీళ్ళలో పడ్డట్టు లేచాడు. "దానికేంటండీ, రెండు బస్తాలు డిక్కీలో వేయించేస్తాను. మా స్వర్ణ. మార్టేరులో పుట్టిన రకం, 1982 నుంచీ దేశమంతా పండిస్తన్నారండి" అని మొదలెట్టి పది నిమిషాలు వరి గురించే చెప్పాడు. అత్తయ్యగారు ఆయన ఆగేదాకా ఆగి, "బస్తాలు గాదు వదినా, పసుపు కలిపిన బియ్యం పిల్ల ఒడిల పోస్తరు గదా, గది" అని మా అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది. ఇవాళ మొత్తానికి బాగున్నది ఆ ఒక్క నిమిషం. దాన్ని కూడా నాన్న "అయితే ఎంత పోస్తారండీ, బస్తా పోస్తే పిల్ల లేవద్దా" అని పాడు చేశాడు.

కనుమనాడు మా దగ్గర జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ నుంచి రుద్రులు ప్రభల మీద, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాల మీద, వస్తారు. లోకం బాగు కోసం ఏడాదికోసారి అక్కడ కూడి మాట్లాడుకుంటారని మావాళ్ళ నమ్మకం. ప్రభల్ని భుజాన మోసుకుని కాలవలో దిగి మరీ దాటిస్తారు. పదకొండు మంది దేవుళ్ళు, ఒక్క తోట, సాయంత్రానికి ఎవరిళ్ళకి వాళ్ళు క్షేమంగా వెళ్ళిపోతారు. ఇక్కడ ఒక వరండా, ఇద్దరు తండ్రులు. అంతే తేడా.

వెళ్ళేటప్పుడు నాన్న చక్కెరకేళి గెల ఒకటి డిక్కీలో పెట్టించాడు. షుగరున్న మనిషికి చక్కెరకేళి. నేను "నాన్నా" అన్నాను. "నువ్వు ఊరుకో" అన్నాడు.

కారు కదిలాక లోపలికొచ్చి కుర్చీలో కూలబడి ఏమన్నాడో తెలుసా? "నా బతుకులో ఇంత అవమానం చూడలేదే. ఇంటికొచ్చిన వియ్యంకుడు మెతుకు ముట్టకుండా వెళ్ళాడు. మనిషన్నవాడు ఎదుటివాడి ఇంట్లో అలా చేస్తాడా?"

అప్పుడు వంటింట్లోంచి ఓ నవ్వు వినబడింది. చిన్నది. మా వదినది.

నిజం చెప్తున్నాను, అప్పటిదాకా నా కోపమంతా ఆ క్యారేజీ మీదే. ఆ నవ్వు విన్నాక రాయాలనుకున్నది వేరే అయిపోయింది.

అన్నయ్య పెళ్ళిమాటలకి మేం వదిన వాళ్ళింటికి వెళ్ళాం. పాలకొల్లు వైపు, చించినాడ వంతెన దాటాక. అప్పుడు మేం మగపెళ్ళివారం. ఆ రోజు మా నాన్న నడక మీరు చూడాల్సింది. కాళ్ళు నేల మీద ఆనలేదు. వదిన వాళ్ళ నాన్నగారికి రొయ్యల చెరువుంది. ఆయన తన చెరువు రొయ్యలే పట్టించి ఇగురు చేయించారు. మా నాన్న ఒకటి వేళ్ళతో ఎత్తి వెలుగులో పెట్టి చూసి, "ఇది రొయ్యాండి బావగారూ, రొయ్యపొట్టాండి?" అన్నాడు.

రొయ్యల చెరువున్న మనిషిని పట్టుకుని.

పంక్తి మొత్తం నవ్వింది. ఆయనా నవ్వారు. నవ్వి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు, ఎండగా ఉంది కదా అన్నట్టు. నేను కూడా నవ్వాను. వీడియో తీశాను కూడా, ఇంకా ఫోన్‌లో ఉంది. వదిన తలుపు చాటునుంచి అదంతా చూసిందని పెళ్ళయిన ఏడాదికి ఒకసారి మాటల్లో చెప్పింది. ఇంకేం అనలేదు. ఆ తర్వాత సారె వస్తే మా అమ్మ కాజాలు లెక్కపెట్టింది. 501 అన్నారు, 480 ఉన్నాయి. ఆ ఇరవై ఒక్క కాజాలూ మా ఇంట్లో ఇప్పటికీ పండగ పండగకీ బయటికొస్తాయి. తిన్న నాలుగొందల ఎనభై ఎవరికీ గుర్తు లేవు.

సరే, ఇవాళ సంగతి. ఆ ఇరవై రెండు రకాలూ ఎవరు చేశారు? "మా ఆవిడ చెయ్యి పడితే అంతేనండి" అని నాన్న నాలుగుసార్లు అన్నాడు. మా ఆవిడ అనగా మా అమ్మ బూరెల దగ్గర కూర్చుని ఫోన్‌లో పిన్నితో మాట్లాడింది. తెల్లవారుజామున మూడింటికి లేచి పనసపొట్టుకి ఆవ నూరింది వదిన. చేప తోమింది వదిన. వడ్డించింది వదిన. మగవాళ్ళ పంక్తి లేచి, ఆడవాళ్ళ పంక్తి లేచి, డ్రైవరు తిని, పక్కింటివాళ్ళకి గిన్నెలు వెళ్ళాక మూడున్నరకి ఆవిడ ఇంకా తినలేదు. మా అన్నయ్యకి ఆ సంగతి తెలియదు. అన్నయ్య పడుకున్నాడు. నాకు తెలుసా? తెలియదు. నేను కొత్త పెళ్ళికూతుర్ని కదా, చీర నలగకుండా కూర్చున్నాను.

అడిగింది ఒక్క మనిషి. చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వచ్చి, గిన్నెల దగ్గర ఉన్న వదినని చూసి, "నువ్వు తిన్నవా బిడ్డా?" అన్నారట. ఆవిడ తల అడ్డంగా ఊపితే క్యారేజీలో మిగిలిన రొట్టె, పప్పు చేతిలో పెట్టి వెళ్ళారట. వదిన అక్కడే నిలబడి తినేసింది. "బాగుంది, కానీ నమల్లేకపోయాను" అంది నాతో ఇందాక.

ఇప్పుడు నేను ఎవరి మీద కోప్పడాలో మీరే చెప్పండి. ఆయన మీదే కోపం తెచ్చుకుందామని ఇందాకటి నుంచీ ప్రయత్నిస్తున్నాను. రెండు ముద్దలు తింటే ఏమయ్యేది, కనీసం పెరుగన్నం తినొచ్చు కదా, అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. రావట్లేదు. కాబట్టి తింటూనే ఉన్న ఆ కాబోయేవాడి మీద కోప్పడుతున్నాను. "ఏమైంది, మీ ఇంట్లో అందరూ హ్యాపీయే కదా?" అని ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. రాజమండ్రి కూడా దాటి ఉండరు. దాటాక చెప్తాను.

ఇంతలో లోపల కొత్త గొడవ మొదలైంది. వాళ్ళు క్యారేజీ మర్చిపోయి వెళ్ళిపోయారు. వదిన కడిగి బోర్లించింది. అమ్మ అది చూసి, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు, అరిష్టం అంది. ఏం పెట్టాలి? సున్నుండలు. షుగరమ్మా అని నేను ఇక్కడినుంచే అరిచాను. బెల్లంతో చేస్తానులే అంటోంది. రెండు గిన్నెలే ఉన్నాయి, ఇందులో ఏం పడతాయి అని అటక మీది ఇత్తడి బిందె దింపమని అన్నయ్యని లేపుతోంది.

ఎవరు పట్టుకెళ్తారంటే, నాన్న లేచాడు. నేనే వెళ్తాను, వచ్చే ఆదివారం, మర్యాద అంటే ఏమిటో చూపిస్తాను అన్నాడు. ఎంత ముద్దొచ్చాడో ఆ క్షణంలో.

"అమ్మాయ్," అని వంటింటి వైపు తిరిగి అన్నాడు, "దారిలోకీ, అక్కడ మధ్యాహ్నానికీ కలిపి నాకో క్యారేజీ కట్టు. ఆ రొట్టెలు మన వల్ల కాదు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఎన్ని గిన్నెలది మావయ్యగారూ?" అంది వదిన.

"నాలుగు," అన్నాడు.