ఉప్పుటేరు వాలు తగ్గితే కొల్లేరు ఏమవుతుంది?

కొల్లేరులోకి బుడమేరు వస్తుంది, తమ్మిలేరు వస్తుంది, రామిలేరు వస్తుంది, డెల్టా మురుగు కాలువలూ వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. సముద్రం దాకా దాదాపు 60 కిలోమీటర్లు. కొల్లేరు +5 అడుగుల కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తున నేలపై గీసుకున్న సమమట్ట రేఖ) దాకా నిండినా సగటు సముద్ర మట్టానికి ఒకటిన్నర మీటరే పైన ఉంటుంది. అంటే ఉప్పుటేరుకు దక్కే వాలు కిలోమీటరుకు రెండున్నర సెంటీమీటర్లు. మట్టం +3 అడుగులకు దిగితే ఒకటిన్నర సెంటీమీటర్లే.

ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993–2015 మధ్య ఏడాదికి సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. మొత్తం ఏడు సెంటీమీటర్లు. వినడానికి తక్కువే గానీ, ఉప్పుటేరులో అది మూడు నుంచి ఐదు కిలోమీటర్ల వాలును మింగేస్తుంది.

తుపాను రోజుల్లో పరిస్థితి మరీ కష్టం. గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం సుమారు సెంటీమీటరు లేస్తుంది. ఒడ్డుకు కొట్టే గాలి ఇంకా ఎగదోస్తుంది. అదే తుపాను ఎగువన కుండపోత కురిపిస్తే వరద దిగేవేళకు మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) దగ్గర సముద్రం ఎత్తుగా నిలబడి ఉంటుంది. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ దొరికే కొద్ది గంటల్లోనే నీరు దిగాలి. ఆ గంటల్లో కూడా చేపల చెరువుల గట్లు, గుర్రపుడెక్క, పూడిక అడ్డుపడితే లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉంటాయి.

వేసవిలో కథ తిరగబడుతుంది. సరస్సు మట్టం పడిపోయాక పోటు నీరు ఎగదన్నుతుంది. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున పాకుతూ వస్తుంది. పైన ముంచిన నీటి నమూనా తియ్యగా ఉందని ఊరట పడితే మోసపోతాం. అమావాస్య, పౌర్ణమి పోట్లలో అడుగు నీటిని తీసి కొలవాలి.

ఉప్పుటేరుపై రెగ్యులేటర్లు (నీటి రాకపోకలను అదుపు చేసే తలుపుల కట్టడాలు) కట్టాలని చాలాకాలంగా అడుగుతున్నారు. కట్టాల్సిందే. అయితే తలుపులు దించి వదిలేస్తే పోటుపాట్ల రాకపోకలు తగ్గి, దిగువన ఒండ్రు పేరుకుని, మొగ ఇసుకతో మూసుకుపోతుంది. గుడ్లు వదలడానికి ఉప్పు కలిసిన నీటికి దిగే నీలకంఠ రొయ్యకు దారి పోతుంది. అందుకే ముందు పూడిక, ఆక్రమణలు తీసి, ఆ తర్వాతే తలుపులు పెట్టాలి. ఎగువన, దిగువన నీటి మట్టం కొలిచే గేజీలుండాలి. ఎగువ మట్టం దిగువ మట్టం కంటే పైన ఉన్న ప్రతి పాటుకూ వానాకాలంలో తలుపులు పూర్తిగా ఎత్తాలి. వేసవిలోనూ సరస్సులో మిగులు ఉన్నంతవరకు కొద్దిగా తెరవాలి. రెగ్యులేటర్లు ఎంత ఎత్తున కట్టాలన్నది పాత పోటు రికార్డులతో తేల్చకూడదు. రాబోయే 50 ఏళ్ల సముద్ర మట్టాన్ని కలిపి లెక్క వేయాలి.