పక్కవాడి పచ్చకోటు

ఇంగ్లండ్ గోల్ఫర్ లీ వెస్ట్‌వుడ్‌కు లోకం తీరని అన్యాయం చేసింది. మేజర్ (గోల్ఫ్‌లోని నాలుగు అతిపెద్ద టోర్నీలలో ఒకటి) గెలవని వారిలో మేటి అన్న బిరుదును జాలిగా ఆయన మెడలో వేసి, అది సంపాదించడం ఎంత కష్టమో విచారించకుండా వదిలేసింది. నాటింగ్‌హామ్‌షైర్‌లోని వర్క్‌సప్‌లో పుట్టి, 1993లో ప్రొఫెషనల్‌గా మారి, యూరోపియన్ టూర్‌లోనే 25 టైటిళ్లు గెలిచిన మనిషి, ఏడాదికి నాలుగు చొప్పున వచ్చిపడే మేజర్లలో ఒక్కటైనా పొరపాటున తగలకుండా తప్పించుకోవడం సామాన్యమైన నిష్ఠ కాదు.

2009లో స్కాట్లండ్‌లోని టర్న్‌బెరీలో జరిగిన ఓపెన్ అనే మేజర్‌నే తీసుకోండి. చివరి హోల్‌లో బంతి ఇసుకగుంటలో పడినా, అక్కడి నుంచి అద్భుతంగా లేపి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీదికి చేర్చారు. రెండు పట్‌లలో (బంతిని హోల్‌లోకి దొర్లించే దెబ్బలలో) ముగిస్తే, సమానంగా నిలిచినవారు తేల్చుకునే ప్లేఆఫ్ దక్కేది. కానీ వెనకాల వస్తున్న 59 ఏళ్ల టామ్ వాట్సన్ తప్పు చేయడని గట్టిగా నమ్మిన వెస్ట్‌వుడ్, ఒక్క దెబ్బతోనే పని తేలాలని కొట్టగా బంతి హోల్‌ను దాటిపోయింది. తిరుగు పట్ కూడా పడలేదు. తరువాత వచ్చిన వాట్సన్ నిక్షేపంగా తప్పు చేశాడు. ప్లేఆఫ్‌లో ట్రోఫీ స్టీవార్ట్ సింక్ పాలైంది. పెద్దాయన మీద అంత గురి పెట్టుకుని నష్టపోయిన వాడిని మర్యాదస్తుడు అనాలి గాని ఓడినవాడు అనడం ఏం న్యాయం?

ఇక అమెరికాలోని అగస్టాలో జరిగే, విజేతకు పచ్చకోటు తొడిగే మాస్టర్స్ అనే మేజర్‌లో ఆయన నిర్వహించినది అచ్చంగా తోడిపెళ్లికొడుకు పాత్ర. 2010లో ఒక షాట్ ఆధిక్యంతో ఆఖరి రోజు బయలుదేరినప్పుడు పక్కన ఫిల్ మికెల్సన్ ఉన్నాడు. పదమూడో హోల్‌లో మికెల్సన్ రెండు చెట్ల సందులోంచి, రాలిన పైన్ ఆకుల మీంచి, వాగు దాటించి బంతిని జెండా దగ్గరికి చేర్చాడు. (ఆ తరువాత ఆ చిన్న పట్‌ను తప్పాడనుకోండి, అయినా కోటు అతనిదే.) 2016లో పక్కన నడిచినవాడు సాటి ఆంగ్లేయుడు డానీ విల్లెట్. పదిహేనో హోల్‌లో గ్రీన్ బయటి నుంచి కొట్టిన చిన్న దెబ్బతోనే (చిప్) బంతిని హోల్‌లో వేసి ఈగిల్ (నిర్ణీత దెబ్బల కంటే రెండు తక్కువ) సాధించి అతనికి ఒక్క షాట్ దూరంలోకి వచ్చిన వెస్ట్‌వుడ్, పదహారో హోల్‌లో మూడు పట్‌లు తీసుకుని దారి ఇచ్చారు. పచ్చకోటు విల్లెట్ తొడుక్కున్నాడు. అగస్టా వారికి నా విన్నపం ఒక్కటే: ఆఖరి రోజు ఈయన పక్కన ఎవరు ఆడాలో స్కోరును బట్టి కాక చీటీలు వేసి తేల్చండి. అంతటి లాభం ఊరికే ఒకరికి కట్టబెట్టడం సబబు కాదు.

ఐరోపా, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్‌లో మాత్రం ఈ గుణం వృథా పోలేదు. అక్కడ పక్కవాడు గెలిచినా మనదే గెలుపు కనుక, ఐరోపా ఆయనను 11 సార్లు పిలిచి రికార్డు స్థాయిలో 47 మ్యాచ్‌లు ఆడించుకుంది.

ప్రపంచ నంబర్ వన్ కిరీటాన్ని ఆయన అందుకున్న తీరు మరీ నిరాడంబరం. టైగర్ వుడ్స్ వరుసగా 281 వారాలు ఏలిన ఆ స్థానం, రెండేళ్ల పాయింట్ల సగటు లెక్క పుణ్యమా అని, 2010 అక్టోబరు 31న ఆయన ఒళ్లో వాలింది.

2021లో, 47 ఏళ్ల వయసులో, వరుసగా రెండు వారాలు ఒక్కొక్క షాట్ తేడాతో రెండో స్థానంలో నిలిచారు. మొదటి వారం బే హిల్‌లో పక్కనే ఆడిన బ్రైసన్ డిషాంబో గెలిచాడు. మరుసటి వారం ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ ఆఖరి రోజునా అదే డిషాంబో పక్కన నడిచాడు. కానీ అప్పటికి వెస్ట్‌వుడ్ ఔదార్యం ముందు జోడీల దాకా పాకినట్టుంది, ట్రోఫీ జస్టిన్ థామస్ పట్టుకుపోయాడు.