సుశీల గారి గొంతుకేమైంది?

మా బావగారు డాలస్‌లో గ్రామఫోన్ రికార్డులు వేసుకునే ఓ పాత బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ కొని, విమానంలో చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ తెచ్చారు. 110 వోల్టుల మోటారు కాబట్టి కోఠి గుజరాతీ గల్లీలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొన్నారు.

ముందు నాన్నగారి పౌరాణిక పద్యాలు పెట్టారు. పద్యంలో రాగం ఎంత సాగితే మనకు అంత గొప్ప కదా, నాన్నగారు కళ్లు మూసుకుని "ఆహా" అన్నారు. ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత ఘంటసాల, సుశీల గార్ల యుగళగీతం. ఆవిడ వంతు వచ్చేసరికి ఇంకెవరో మగాయన అందుకున్నారు. నాన్నగారు కళ్లు తెరిచారు.

"స్పీడు తప్పే ప్రసక్తే లేదు మామయ్యగారూ" అంటూ బావగారు అమెరికా నుంచి తెచ్చిన స్ట్రోబ్ అట్టను పళ్లెం మీద వేశారు. స్పీడు సరిగ్గా ఉంటే, కరెంటుతో పాటు మిణుకుమనే లైటు కింద దాని మీది చుక్కలు కదలనట్టు కనిపించాలట. ఎల్ఈడీ వెలుగులో చుక్కలన్నీ అలికేసినట్టు కలిసిపోయాయి. అటక మీంచి చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు దించి వెలిగిస్తే, చుక్కలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"చూశారా! ఆ రోజు ఆవిడకి జలుబు చేసి ఉంటుంది."

ఎలక్ట్రిసిటీ బోర్డులో చేసి రిటైరైన మా బాబాయి అప్పుడు నోరు విప్పాడు. "ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ సైకిల్స్‌ని ఏం చేస్తుందయ్యా?"

ఆ సింక్రనస్ మోటారు వోల్టేజీని లెక్కచెయ్యదట, సైకిల్స్‌ని బట్టే, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో దాన్ని బట్టే తిరుగుతుందట. అమెరికాలో 60, మనకి 50. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 28 కూడా తిరగడం లేదు. మరి చుక్కలు? అట్ట కూడా అక్కడిదే, 216 చుక్కలది. మన లైటుకి 180 చుక్కలది కావాలి. మోటారూ లైటూ ఒకే 50 మీద నడుస్తూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయన్నమాట.

మోటారుకి ఇప్పుడున్న దానికన్నా ఐదో వంతు ఎక్కువ లావున్న పుల్లీ వేస్తే సరిపోతుందన్నాడు బాబాయి. బావగారికి రుచించలేదు. పుల్లీ మారిస్తే ఫ్రెండ్స్‌కి చెప్పుకోవడానికి ఏముంటుంది? మన కరెంటు తీసుకుని 60 సైకిల్స్ తయారుచేసి ఇచ్చే పవర్ సప్లై తెప్పించారు. దాని ఖరీదు టర్న్‌టేబుల్ కన్నా ఎక్కువ. ఈ సంగతి అక్కకి ఇప్పటికీ తెలీదు, మీరూ చెప్పకండి.

తగిలించగానే డిస్‌ప్లే మీద 60.00 వచ్చింది. సుశీల గారు సుశీల గారిలాగే పాడారు. అక్క పోపు గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చి నిలబడింది. నాన్నగారు మళ్లీ కళ్లు మూసుకున్నారు.

బావగారి కళ్లు మాత్రం అట్ట మీదే ఉన్నాయి. అదే అట్ట, అదే ట్యూబ్‌లైటు. చుక్కలు పరుగెడుతున్నాయి. ఆయన మొహం మాడిపోయింది. మెల్లగా పవర్ సప్లై నాబ్ తిప్పడం మొదలుపెట్టారు. 58... 55... 52... చుక్కలు నెమ్మదించాయి. 50 దగ్గర టక్కున ఆగాయి. పాటలో మళ్లీ ఆ మగాయన వచ్చేశారు.

"ఏమండీ, పాట విననిస్తారా, మాకిలా చుక్కలు చూపిస్తారా?" అంది అక్క.

"ఉండవే, ఇప్పుడే కరెక్టుగా సెట్టయింది" అన్నారు బావగారు.